గుడ్డ, వెదురు, ఓ విస్కీ సీసా... విమానం తయార్!

పెళ్లీడు దాటిపోతున్నా పట్టదు. మగవాళ్లలా ప్యాంటు తొడుక్కుని గుర్రమెక్కుతుంది. సిగరెట్టు కాలుస్తుంది. ఇవి చాలవన్నట్టు ఇప్పుడు విమానం కడతానంటోంది! 1909లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పక్కన కార్న్‌మనీలో లిలియన్ బ్లాండ్ గురించి ఇరుగుపొరుగు ఏమనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

అప్పటికామెకు ముప్ఫయ్యేళ్లు. పత్రికలకు ఫొటోలు తీసేది, వ్యాసాలు రాసేది. పారిస్ నుంచి ఓ బంధువు పంపిన పోస్టుకార్డు మీద బ్లెరియో విమానం బొమ్మ చూసింది. అంతే, ఇక నిద్రపట్టలేదు. అక్టోబరులో బ్లాక్‌పూల్ విమాన ప్రదర్శనకు వెళ్లింది. జనం ఆకాశంలోకి చూస్తుంటే, ఈవిడ విమానాల దగ్గరికెళ్లి కొలతలు రాసుకుంది!

ముందు ఆరడుగుల రెక్కలతో నమూనా చేసి గాలిపటంలా ఎగరేసింది. అది ఎగిరాక అసలుది మొదలెట్టింది. కర్ర, వెదురు, రెక్కలకు కోరాగుడ్డ. గుడ్డ తడవకుండా జెలటిన్, ఫార్మలిన్ కలిపి పూసింది. మనం చీరలకు గంజి పెట్టినట్టే అనుకోండి. పేరు 'మేఫ్లై'. ఇంగ్లీషులో అదో పురుగు పేరు. విడదీసి చదివితే 'ఎగరొచ్చు' అని! ఎగరకపోనూవచ్చు మరి.

ఇంజను ఖరీదు వంద పౌన్లు. ఆ బరువు మోస్తుందో లేదో తెలియకుండా కొనడమెలా? నలుగురు పోలీసుల్నీ, తోటపని కుర్రాడు జో బ్లెయిన్‌నీ పిలిచి, కొండమీద గాలికి ఎదురుగా విమానాన్ని పట్టుకోమంది. గాలి విసురుకి అయిదుగురూ నేల విడిచారు! పోలీసులు హడలిపోయి వదిలేశారు. జో మాత్రం వదల్లేదు. అయిదుగురిని లేపింది ఇంజనును మోయదా!

1910 జులైలో ఇంగ్లండ్ వెళ్లి 20 హార్స్‌పవర్ ఇంజనును రైల్లో, ఓడలో తనే తెచ్చుకుంది. పెట్రోలు ట్యాంకు ఇంకా రాలేదు. అంతవరకూ ఆగుతుందా? ఖాళీ విస్కీ సీసాలో పెట్రోలు నింపి, అత్త సరిగా వినబడక చెవికి ఆనించుకునే గొట్టం తెచ్చి, దాంతో ఇంజనుకు అందించింది. ఇంజను తిరిగింది! తిరిగితే ఆ అదురుకి నట్లు ఊడేవి, తీగలు తెగేవి. మళ్లీ బిగించడం, మళ్లీ తిప్పడం...

ఎగరడానికి రాండల్స్‌టౌన్‌లో లార్డ్ ఓనీల్ గారి 800 ఎకరాల పార్కు దొరికింది. అందులో ఓ ఆబోతు కూడా ఉండేది! గాలీ వానా తెరిపివ్వాలని వారాల తరబడి ఎదురుచూశారు. ఆగస్టు చివర్లో జో ప్రొపెల్లర్ తిప్పాడు. మేఫ్లై పరుగెత్తింది, లేచింది, దిగింది. నిజంగానే లేచానా అని లిలియన్‌కే అనుమానం. వెనక్కి నడిచి గడ్డిలో చక్రాల జాడ వెతికింది. జాడ ఒకచోట ఆగిపోయి ఉంది.

సొంతంగా విమానం రూపొందించి, కట్టి, నడిపిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. కానీ కూతురి ప్రాణం గురించి తండ్రికి ఒకటే బెంగ. ఇది మానేస్తే కారు కొనిస్తానన్నాడు. లిలియన్ ఒప్పుకుంది. మనకు ఉసూరుమనిపిస్తుంది గానీ, ఇంతకంటే పెద్ద ఇంజను పెడితే ఆ వెదురు తట్టుకోదని ఆమెకూ తెలుసు. కారు నడపడం తనే నేర్చుకుని, 1911లో బెల్‌ఫాస్ట్‌లో ఫోర్డు కార్ల ఏజెంటయింది. మేఫ్లై ఇంజను అమ్మేసింది. మిగిలిన చట్రాన్ని గ్లైడర్లు ఎగరేసే కుర్రాళ్ల క్లబ్బుకిచ్చేసింది.