ఆకు తెలుసు, పండు తెలియదు

మోర్తాడ్: తునికాకు అంటే తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో లేదు. చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవారు వేళ్ళతో తడిమి ఆకు మంచిచెడ్డలు చెప్పగలరు. కాని అదే చెట్టుకు పండు కాస్తుందని, అది తియ్యగా వుంటుందని ఆ ఇంటి పిల్లలకు చెబితే చాలామంది తెల్లబోతారు. ఆకు ఊళ్ళోకి వచ్చింది. పండు గుట్ట మీదనే వుండిపోయింది.

తునికి ఒక్కటే కాదు. మొర్రి, పరికి, కలివి, బలుసు, రేగు, ఈత - ఈ పండ్లన్నీ ఒకప్పుడు పసుల కాపరుల పగటి తిండి. సాయంత్రం వారి తువ్వాల కొంగున ఇంటికి వచ్చి రోటిలో తొక్కు అయ్యేవి, ఎండలో వడియాలు అయ్యేవి. ఇప్పుడు పశువుల వెంట పోయే పిల్లలు లేరు. బడికి పోతున్నారు, అది మంచిదే. అయితే పండ్ల పేర్లు చెప్పేవారు కూడా వారికి లేకుండా పోతున్నారు.

ఏ కాలంలో ఏ పండు

అడవి పండ్లకు ఒక వరుస వుంది. ఎండాకాలం మొదట తునికి, మొర్రి పండుతాయి. ఎండలు ముదిరిన కొద్దీ ఈత గెలలు ఎర్రబడి, తరువాత నల్లబడతాయి. కలివికాయలు వేసవి చివర పచ్చివిగా దొరుకుతాయి, వానలు పడ్డాక నల్లగా పండుతాయి. మృగశిర కార్తె దాటితే నేరేడు. దసరా, దీపావళి నడుమ సీతాఫలం. కార్తీకంలో ఉసిరి. చలి మొదలైతే పరికి, ఆ వెనుక రేగు. సంక్రాంతి నాడు వాకిట్లో గొబ్బెమ్మల చుట్టూ రేగుపండ్లు వేస్తారు. భోగి నాడు పసిపిల్లల తలమీద పోస్తారు. ఏడాదిలో ఏదో ఒక పండు లేని కాలం తక్కువ.

కొమ్మ కొడితే ఆకు, విడిచిపెడితే పండు

తునికి పండు కనబడకపోవడానికి కారణం ఆకే. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను మొదలు దగ్గర కొట్టిస్తారు. సుమారు నెలా పదిహేను రోజులకు లేత చిగుళ్ళు వస్తాయి. ఆ ఆకునే ఏరి, 50 ఆకులకు ఒక కట్ట కడతారు. 1000 కట్టలు ఒక స్టాండర్డు బస్తా. 1971లో వచ్చిన చట్టంతో ఈ ఆకు వ్యాపారం సర్కారు అదుపులోకి వచ్చింది. వేసవిలో నాలుగు పైసలు చేతికి వచ్చేది దీనివల్లనే కనుక కొట్టవద్దని ఎవరూ అనలేరు. అయితే ఏటా కొట్టించుకొనే పొద కాయదు. ఎత్తుగా ఎదిగిన చెట్టే కాస్తుంది. గుట్టకు నాలుగు చెట్లు కొట్టకుండా విడిచిపెడితే ఆకు బేరానికి వచ్చే లోటు ఏమీ వుండదు. పండుకు పండు, విత్తనానికి విత్తనం మిగులుతాయి.

పచ్చి తునికికాయ నోటిని పట్టేస్తుంది. పసుపుపచ్చగా పండి రాలిన దానినే ఏరుకోవాలి. పెంకు తీసి లోపలి గుజ్జు తింటారు.

మొర్రి పండు సంగతి మరొకటి. పైన తీపి పులుపు కలిసిన పలుచని గుజ్జు, లోపల గట్టి గింజ. గింజ పగులగొడితే వచ్చేదే సారపప్పు. పాయసంలో, మిఠాయిల మీద వేసే ఆ పప్పును అంగడిలో ఎక్కువ ధర పెట్టి కొనేవారికి, అది మన గుట్టల చెట్టుదేనని తెలియదు. తొందరపడి కొమ్మలు నరికి కాయలు దులపడం వల్ల ఈ చెట్టు చాలాచోట్ల తగ్గిపోయింది. కొమ్మ నరికినవాడికి ఆ ఏడు పండు దొరుకుతుంది, మరుసటి ఏడు దొరకదు.

రోటిలో రేగు

వంటింట్లో రేగుకు వున్న చోటు మరే అడవి పండుకూ లేదు. అంగడికి వచ్చే యాపిల్ రేగు చూపుకు పెద్దదే. కాని పులుపు తక్కువ. వడియాలకు నాటు రేగే తగినది.

బాగా పండి మెత్తబడిన పండ్లను కడిగి, నీడన ఆరబెట్టాలి. రేగులో పురుగు వుండడం మామూలే కనుక ఒక్కొక్కటి విప్పి చూసుకోవాలి. తరువాత రోటిలో ఉప్పు, పచ్చిమిరప, జీలకర్ర వేసి దంచి, రేగుపండ్లు వేసి గింజ చితకకుండా మెల్లగా తొక్కాలి. చివర తగినంత బెల్లం కలపాలి. ఈ ముద్దను చిన్న బిళ్ళలుగా బట్ట మీద పెట్టి, నాలుగైదు రోజులు తిప్పుతూ ఎండబెడితే వడియాలు తయారు. తడి తగలని జాడీలో వేస్తే ఏడాది పొడుగునా వుంటాయి. జొన్నరొట్టెలోకి, మక్కగటకలోకి నంజుకోవడానికి పనికివస్తాయి. జ్వరం వచ్చి నోరు చచ్చినవారికి ఒక్క వడియం ఇస్తే అన్నం మీద మనసు పోతుంది.

100 గ్రాముల రేగుపండ్లలో సి విటమిన్ 60 మిల్లీగ్రాములకు పైగా వుంటుంది. డబ్బు పెట్టి కొనే కమలాపండుకు ఇది తీసిపోదు. ఉసిరిలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎండబెడితే సి విటమిన్ కొంత పోతుంది. అందువల్ల పిల్లలకు వడియంతో పాటు పచ్చిపండు కూడా పెట్టడం మంచిది.

కలివికాయ తొక్కు

ముళ్ళపొదలో కాసే కలివికాయను కోస్తే తెల్లని పాలు కారి చేతికి అంటుకుంటాయి. చేతికి కాస్త నూనె రాసుకొని, కాయలను రెండుగా కోసి గింజలు తీసి, ఉప్పునీళ్ళలో వేస్తే జిగురు పోతుంది. వీటిని పచ్చిమిరపకాయలతో కలిపి నూనెలో మగ్గించి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు చేర్చి రోటిలో నూరి, పోపు పెడితే తొక్కు. చింతపండు అక్కరలేదు. పప్పులో వేసేవారు మాత్రం పప్పు ముందుగా ఉడికిన తరువాతనే కాయలు వేయాలి. పులుపు ముందే తగిలితే పప్పు ఉడకదు. పండిన కలివికి వంట అవసరం లేదు. చెట్టు దగ్గరే అయిపోతుంది.

బలుసు పొద ఇంకొక రకం. దాని పండు పసుపుపచ్చని చిన్న గుండు, పిల్లలు తింటారు. లేత ఆకును పెసరపప్పుతో వండుతారు. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చు అన్న సామెత వట్టిగా పుట్టలేదు. కరువు వచ్చి గుమ్మి ఖాళీ అయిన రోజుల్లో పేద ఇళ్ళలో పొయ్యి మీదికి ఎక్కింది ఈ ఆకే.

తెలియని పండు ముట్టరాదు

అడవిలో కనబడిన ప్రతి పండూ తినేది కాదు. ముష్టి చెట్టుకు నారింజ రంగులో చూడ ముచ్చటైన పండ్లు కాస్తాయి. వాటి గింజలు ప్రాణం తీసే విషం. ఎర్రగా మెరిసే గురిగింజ, ముళ్ళ ఉమ్మెత్తకాయ కూడా అంతే. పిల్లలు తెలియని పండు తిన్నారని అనుమానం వస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక, మిగిలిన పండును వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఈ కాలానికి వచ్చిన మరో జాగ్రత్త గడ్డిమందు. పసుపు, మక్క చేల గట్ల మీద మందు కొట్టినచోట కాసిన పండ్లను తినరాదు. కడిగితే చాలు అనుకోవడం పొరపాటు.

గట్టు మీద రెండు చెట్లు

బోర్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, మెట్టచేను పసుపుచేను అయింది. గట్టు సన్నబడింది. గట్టు మీది రేగు, కలివి పొదలు మంటల్లో పోయాయి. రైతు లెక్క రైతుకు వుంది. చెట్టు నీడ పడితే పైరు ఎదగదు, పక్షులు చేరతాయి. అయితే ఆ ముళ్ళపొదే గట్టు మట్టిని పట్టి వుంచింది, పశువులు చేనులో పడకుండా కంచె అయింది, మేకలకు ఆకు ఇచ్చింది. పొద పోయినచోట ఇప్పుడు ఇనుప తీగ కొని కట్టవలసి వస్తున్నది.

నాటు రేగును పూర్తిగా తీసివేయనక్కరలేదు. మోడు చేసి, కొత్తగా వచ్చిన చిగురు కొమ్మకు ఉమ్రాన్, గోలా వంటి మంచి రకం కన్ను కట్టుకుంటే అదే వేరు మీద పెద్ద పండ్లు కాస్తాయి. ఒక కొమ్మను నాటుగానే విడిచిపెడితే వడియాలకూ లోటు వుండదు.

ఇక మిగిలింది పిల్లల సంగతి. రేగు కాసే కాలంలో ఒక ఆదివారం తాతో, అమ్మమ్మో మనుమలను వెంట పెట్టుకొని గుట్ట దాకా పోయి, ఇది పరికి, ఇది బలుసు, అది మాత్రం ముట్టవద్దు అని చూపితే చాలు. ఈ చదువు ఏ పుస్తకంలోనూ దొరకదు. చెప్పేవారు వున్నంత కాలమే వుంటుంది.

పసుపు కోసం 2025లో నిజామాబాదుకు జాతీయ బోర్డు వచ్చింది. రేగుకు బోర్డు అక్కరలేదు. గట్టు మీద రెండు చెట్లు కొట్టకుండా విడిచిపెట్టే రైతు, వాటి పేరు మనుమలకు చెప్పే ముసలమ్మ వుంటే చాలు.