శనివారం గానుగ ఆడని ఊళ్లు

ముంబయికి దక్షిణాన, అలీబాగ్ చుట్టుపక్కల కొంకణ్ పల్లెల్లో నూనె గానుగలు ఆడించి బతికిన కుటుంబాలు కొన్ని ఉండేవి. ఆడవాళ్ల చీరకట్టూ, నోటి నిండా మరాఠీ, ఊరిపేరు మీద వచ్చిన ఇంటిపేరూ చూస్తే వాళ్లను ఇరుగుపొరుగు నుంచి వేరు చెయ్యలేం. నవ్‌గావ్ వాళ్లు నవ్‌గావ్‌కర్‌లు, పేణ్ వాళ్లు పేణ్‌కర్‌లు. శనివారం వస్తే మాత్రం తేడా తెలిసిపోయేది. ఆ రోజు వాళ్ల గానుగ ఆడేది కాదు. అందుకే ఊరు వాళ్లకు ‘శనివార్ తేలీ’ అని పేరు పెట్టింది. వాళ్లు తమను తాము ‘బెనే ఇజ్రాయెల్’ అనుకున్నారు. అంటే ఇజ్రాయెల్ సంతానం. మన దేశంలోని యూదుల్లో ఎక్కువమంది వీళ్లే.

రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో వారానికో రోజు గానుగ ఆపడం చిన్న విషయం కాదు. పది ఆజ్ఞల్లోని విశ్రాంతి దినం యజమానికీ పనివాళ్లకూ మాత్రమే పరిమితం కాదు, ఇంట్లోని పశువుకూ వర్తిస్తుంది. ఆ లెక్కన గానుగెద్దుకూ ఆ రోజు సెలవే.

తమ పూర్వీకులు వచ్చిన ఓడ నవ్‌గావ్ దగ్గర బద్దలైందనీ, ఏడుగురు మగవాళ్లూ ఏడుగురు ఆడవాళ్లూ బతికి ఒడ్డున పడ్డారనీ, గ్రంథాలన్నీ సముద్రం పాలయ్యాయనీ వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇది చరిత్రకారులు తేల్చిన సంగతి కాదు, ఇంట్లో పెద్దలు పిల్లలకు చెప్పే కథ. ఎన్నో తరాలపాటు వాళ్లకు ప్రార్థనా మందిరం లేదు, బోధించే రబ్బీ లేడు. మిగిలినవి కొన్ని అలవాట్లు: శనివారం విశ్రాంతి, మగపిల్లాడికి ఎనిమిదో రోజు సున్తీ, తిండి నియమాలు, దేవుడు ఒక్కడేనని చాటే ‘షెమా’ ప్రార్థన. పెళ్లికైనా పురుడుకైనా ఆ ప్రార్థనే చెప్పుకునేవారు.

డేవిడ్ రహాబీ అనే యూదుడు వీళ్లను ఎలా గుర్తుపట్టాడన్నదీ వంటింటి కథే. రకరకాల చేపలు తెచ్చి ఆడవాళ్ల చేతికిచ్చి వండమన్నాడట. వాళ్లు రెక్కలూ పొలుసులూ ఉన్నవి ఒకవైపు పెట్టుకుని, లేనివి పక్కన పడేశారట. యూదుల ధర్మగ్రంథం తోరా చెప్పిన నియమం అదే. రొయ్య, పీత, వాలుగ వాళ్లకు పనికిరావు. పరీక్షించినవాడికి చదువు వచ్చు. నెగ్గిన ఆడవాళ్లకు అక్షరం తెలిసే అవకాశమే లేదు. ఈ మతాన్ని కొంకణ్‌లో బతికించిన చేతులు ఎవరివో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి కథ దొరకలేదు.

ఇవాళ్టికీ వాళ్ల వారం శుక్రవారం పొద్దుగూకేలోపే మలుపు తిరుగుతుంది. వంటంతా అప్పటికే అయిపోవాలి, ఎందుకంటే సబ్బాతు అనే ఈ విశ్రాంతి దినంలో నిప్పు రాజెయ్యకూడదు. నిషిద్ధమైన పనులను రబ్బీలు 39 రకాలుగా విడదీశారు. విత్తడం, కోయడం, రుబ్బడం, రాయడం అన్నీ అందులోకి వస్తాయి. సూర్యాస్తమయానికి ముందే ఇల్లాలు దీపం పెడుతుంది. పాశ్చాత్య యూదులు కొవ్వొత్తులు వెలిగిస్తే, ఇక్కడి పాత ఇళ్లల్లో గాజు గిన్నెలో నీళ్ల మీద నూనె పోసి ఒత్తి వేస్తారు. ద్రాక్షసారాకు బదులు నల్ల ఎండుద్రాక్షను నానబెట్టి, పిసికి, వడగట్టిన షర్బత్ మీద ఇంటిపెద్ద ఆశీర్వచనం చదువుతాడు. మర్నాడు సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఇంటికి తీరికే.

మాంసాన్నీ పాలనూ కలపకూడదన్న నియమం వాళ్ల వంటనే మార్చేసింది. పెరుగు, నెయ్యి పడాల్సిన చోట కొబ్బరిపాలు వచ్చి చేరాయి. కొత్త సంవత్సరానికి చేసే హల్వా చూడండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, కొబ్బరిపాలూ చక్కెరా చేర్చి చెయ్యి లాగేసేదాకా కలియబెడతారు. అందులో చుక్క ఆవుపాలు ఉండవు కాబట్టి మాంసం తిన్న విందులోనూ నిశ్చింతగా తినొచ్చు. ఇలాంటి వంటకాలనే ఆధారంగా చేసుకుని ఎస్తేర్ డేవిడ్ ‘బుక్ ఆఫ్ రేచెల్’ నవల రాసి, 2010లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

మొక్కు తీరినా, పెళ్లి కుదిరినా, జబ్బు నుంచి లేచినా ‘మలీదా’ చేస్తారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి కోరు, చక్కెర, ఏలకుల పొడి కలిపి పళ్లెంలో గుట్టగా పోసి, చుట్టూ పళ్లు పేర్చి, ఏలీయా ప్రవక్తను కీర్తించి అందరికీ పంచుతారు. అలీబాగ్ దగ్గర ఒక రాతి మీద ఏలీయా రథం ఆనవాళ్లున్నాయని వాళ్ల నమ్మకం. ఇతర యూద సమాజాల్లో ఈ మలీదా ఆచారం లేదు.

ముంబయిలో వాళ్ల మొదటి ప్రార్థనా మందిరాన్ని ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన శామ్యూల్ దివేకర్ 1796లో కట్టించాడు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎక్కువమంది అక్కడికి వెళ్లిపోయారు. తీరా వెళ్లాక అవమానం ఎదురైంది. వీళ్లతో పెళ్లి సంబంధం కుదిరితే ముందు వంశం ఆరా తియ్యాలని 1962లో అక్కడి ప్రధాన రబ్బీల మండలి ఆదేశించింది. 1964లో జెరూసలేంలో ఆందోళనకు దిగితేగానీ ఆ ఆదేశంలోంచి వాళ్ల పేరు తియ్యలేదు. పుస్తకాలు మునిగిపోయినా శనివారం తప్పనివాళ్లను వంశపత్రం అడగడం నాకు ఘోరంగానే తోస్తుంది.

మన గడ్డ మీదా ఇలాంటి ప్రశ్న ఒకటి నిలిచి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్లు, ఒకప్పుడు బాప్టిస్టు చర్చికి వెళ్లినవాళ్లు. తాము ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని చెప్పి, 1991లో అక్కడ ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. ఇజ్రాయెల్ వీళ్లను ఇంకా యూదులుగా గుర్తించలేదు. వీళ్ల సంగతి తేల్చడానికి వచ్చేవాళ్లు పాత కాగితాలతో పాటు కొత్తరెడ్డిపాలెం వంటిళ్లలో శుక్రవారం సాయంత్రం ఏం జరుగుతోందో కూడా చూడాలని నా విన్నపం.