రెండు కిటికీల కెమెరా: మేము చేసిన తప్పులు

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఈ ఒక్క మాట చాలు. క్రిందటి సంవత్సరం జోధ్‌పూర్ నుంచి సికింద్రాబాదుకు ఆర్డరు వచ్చింది. సామాను కట్టుకోవడానికి వారం రోజులే ఉంది. ఆ వారంలో మేమిద్దరం, అంటే అక్కాతమ్ముళ్లం, ఒక పని పెట్టుకున్నాం. విశాఖపట్నంలో ఉండే తాతయ్య మాకు ఇచ్చిన పాత కెమెరాతో కాలనీ మిత్రులందరినీ ఫోటోలు తీశాం. పదకొండు మంది చిరునామాలు నోటుబుక్కులో రాసుకుని, కొత్త ఊరు వెళ్లగానే తలా ఒక ఫోటో పోస్టులో పంపుతామని మాట ఇచ్చాం.

సికింద్రాబాదులో ఫిల్ము కడిగించాం. రోలు మొత్తం ఖాళీ. మొదటి నుంచి చివరి దాకా గాజు కాగితంలా ఉంది. ఒక్క ముఖం కూడా లేదు.

అమ్మ ఫోనులో ఫోటోలు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. కానీ మేము మాట ఇచ్చింది ఈ ఫోటోల గురించి. అందుకే ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవాలనుకున్నాం. తెలుసుకున్నది మీకూ చెబుతున్నాం. మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటి కెమెరా ఒకటి ఉండవచ్చు.

ఈ కెమెరా ఎలా చూస్తుంది?

తాతయ్య ఉక్కు కర్మాగారంలో పనిచేసే రోజుల్లో, స్వదేశానికి తిరిగి వెళ్తున్న ఒక రష్యన్ ఇంజనీరు దగ్గర దీన్ని కొన్నారు. దీని పేరు జోర్కి-4. రష్యన్ భాషలో జోర్కి అంటే చురుకైన చూపు గలది అని అర్థం. దీన్ని మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో తయారుచేశారు. ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా, అంటే దూరం కొలిచే కెమెరా. 1932లో జర్మనీలో వచ్చిన లైకా-2 ఈ కుటుంబానికి పెద్దది. దాన్ని చూసి 1934 నుంచి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఫెడ్ అనే కెమెరాలు చేశారు. వాటిని మొదట తయారుచేసింది నిలువనీడ లేని పిల్లల కోసం ఏర్పాటుచేసిన ఒక కమ్యూనులోని బాలబాలికలు. ఇంచుమించు మన వయసువాళ్లే. జోర్కి ఆ ఫెడ్‌కు తమ్ముడి వరస.

దూరం కొలవడం ఎలాగో ఒక చిన్న ప్రయోగంతో తెలుస్తుంది. చూపుడువేలును ముఖం ముందు నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. చెయ్యి చాచి చూస్తే ఆ గెంతు తగ్గుతుంది. దగ్గరి వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరపు వస్తువు తక్కువ గెంతుతుంది. ఈ కెమెరా ముందువైపు కూడా రెండు కిటికీలు ఉంటాయి. మా కెమెరాలో వాటి మధ్య దూరం సుమారు 4 సెంటీమీటర్లు. వెనక నుంచి చూస్తే మధ్యలో ఒక చిన్న మచ్చలో రెండు బొమ్మలు కనబడతాయి. లెన్సు తిప్పుతూ ఆ రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. పదో తరగతి త్రికోణమితిలో ఒక భుజం, కోణాలు తెలిస్తే దూరం కనుక్కుంటాం కదా, ఇదీ అదే లెక్క.

ఇక్కడే అసలు విషయం ఉంది. మనం చూసేది కిటికీలోంచి, ఫిల్ము చూసేది లెన్సులోంచి. రెండూ వేరు. లెన్సు దగ్గర ఏ పొరపాటు జరిగినా మన కంటికి అంతా బాగానే కనిపిస్తుంది. మేము చేసిన తప్పుల్లో చాలా వాటికి మూలం ఇదే.

మొదటి తప్పు: ఫిల్ము కదలకపోవడం

సికింద్రాబాదులో ఫిల్ము కడిగిన స్టూడియో పెద్దాయన మా రోలును వెలుతురుకు పట్టి చూశారు. “బాబూ, అంచున నంబర్లు కనిపిస్తున్నాయి చూడు. అంటే కడగడంలో తప్పు లేదు. ఫిల్ముకు అసలు వెలుతురే తగల్లేదు. వెనక్కి చుట్టేటప్పుడు బిగువుగా అనిపించిందా?” అని అడిగారు. లేదు, చాలా తేలిగ్గా తిరిగింది. ఆయన తల ఊపారు.

ఆ రాత్రి తాతయ్యకు ఫోను చేశాం. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: “ఒరేయ్, ఫిల్ము తిప్పేటప్పుడు ఎడంవైపు గుండీ కూడా తిరుగుతోందో లేదో చూశారట్రా?” మేము చూడలేదు. అసలు చూడాలని తెలియదు.

జరిగింది ఇది. ఫిల్ము కొసను కుడివైపు స్పూలు సందులో దోపాలి. మేము సరిగా దోపలేదు. రెండు తిప్పులకే కొస ఊడిపోయింది. ఆ తర్వాత కుడి గుండీ తిరిగింది, లెక్క చూపే అంకె 1, 2, 3 అంటూ ముందుకు వెళ్లింది, షట్టరు టక్కుమంది. ఫిల్ము మాత్రం డబ్బాలోనే కూర్చుంది. ఆ అంకె లెక్కపెట్టేది గుండీ తిప్పులను, ఫిల్మును కాదు.

నివారణ సులువు. కొస దోపాక, పళ్లచక్రం పళ్లు ఫిల్ము రంధ్రాల్లో పడ్డాయో లేదో చూసి మూత పెట్టండి. ఎడమవైపు గుండీని బాణం గుర్తు దిక్కుగా మెల్లగా తిప్పి వదులు తీసేయండి. ఇక ఫిల్ము ముందుకు తిప్పిన ప్రతిసారీ ఆ ఎడమ గుండీ వెనక్కి తిరగాలి. తిరగకపోతే అక్కడే ఆగిపోండి.

రెండో తప్పు: మూత తీయకపోవడం

రెండో రోలులో నాలుగు ఫోటోలు ఇలా పోయాయి. లెన్సులోంచే చూసే కెమెరా అయితే మూత ఉంటే చీకటి కనబడుతుంది. ఇందులో మూత ఉన్నా కిటికీలో లోకమంతా వెలుగుతూ ఉంటుంది. ఇప్పుడు మాది ఒక నియమం: కెమెరా చేతికి తీసుకున్నవాళ్లు మూత తీసి రెండోవాళ్ల చేతిలో పెట్టాలి.

అలాగని ఎప్పుడూ మూత లేకుండా తిరగకూడదు. ఈ కెమెరా షట్టరు గుడ్డతో చేసింది. దాని ముందు అద్దం అడ్డు ఉండదు. లెన్సు సూర్యుడి వైపు తిరిగి ఉంటే, భూతద్దంతో కాగితం కాల్చినట్టే, గుడ్డకు చిల్లు పడుతుంది. ఆ తర్వాత ప్రతి ఫోటోలోనూ తెల్లమచ్చ వస్తుంది.

మూడో తప్పు: తిప్పకముందే వేగం మార్చడం

షట్టరు వేగం మార్చాలంటే ముందు ఫిల్ము తిప్పాలి, ఆ తర్వాతే వేగం బిళ్లను పైకెత్తి మార్చాలి. షట్టరు నొక్కిన తర్వాత, మళ్లీ ఫిల్ము తిప్పక ముందు, ఆ బిళ్ల తన అసలు స్థానంలో ఉండదు. అప్పుడు బలవంతంగా మారిస్తే లోపలి యంత్రం దెబ్బతింటుంది. అన్ని రేంజ్‌ఫైండర్లకూ ఈ నియమం లేదు, కానీ పాత రష్యన్ కెమెరాలకు తప్పనిసరి. మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే ఈ నియమమే పాటించండి. ముందు తిప్పితే ఏ కెమెరాకూ నష్టం లేదు.

నాలుగో తప్పు: మచ్చను తొందరగా నమ్మడం

రెండో రోలులో ఐదు ఫోటోలు మసకగా వచ్చాయి. ఫోకస్ కుదిరిందనుకుని నొక్కాం. కానీ మేము మచ్చను పెట్టింది నున్నటి చొక్కా మీద. రెండు బొమ్మలూ పక్కపక్కకు జరుగుతాయి కాబట్టి, కలిశాయో లేదో తెలియాలంటే నిలువు గీత కావాలి. తలుపు అంచు, స్తంభం, కళ్లజోడు పక్క, ముక్కు అంచు ఇందుకు బాగుంటాయి. రెండో బొమ్మ అసలు కనబడకపోతే ముందు మీ వేలు చూసుకోండి. చిన్న కిటికీని అదే మూసి ఉంటుంది.

లెన్సు పూర్తిగా తెరిచి ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. మా 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/2 దగ్గర పెట్టి, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 10 సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా వస్తే చెవి మసకేస్తుంది. పరుగెత్తే పిల్లలను తీసేటప్పుడు మచ్చతో కుస్తీ పట్టకుండా, ఎఫ్/8 పెట్టి దూరాన్ని 3 మీటర్లకు తిప్పి ఉంచండి. రెండున్నర నుంచి నాలుగు మీటర్ల మధ్య ఎవరు ఉన్నా బాగానే వస్తారు.

ఐదో తప్పు: తలలు కోయడం

మూడు ఫోటోల్లో నుదుటి పైభాగం లేదు. చూసినప్పుడు తల నిండుగా ఉంది. మళ్లీ అదే కారణం. చూసే కిటికీ లెన్సు కంటే పైన ఉంటుంది. దూరపు కొండకు ఈ తేడా లెక్కలోకి రాదు. మీటరు దూరంలో ఉన్న ముఖానికి వస్తుంది. ఖరీదైన కొన్ని కెమెరాల్లో లోపలి చట్రం తనే జరిగి ఈ తేడాను సరిచేస్తుంది. మా దానిలో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి దగ్గరగా తీసేటప్పుడు తలపైన కొంచెం ఖాళీ వదలండి. ఒక మీటరు కంటే దగ్గరికి వెళ్లకండి, మా లెన్సుకు అంతకంటే దగ్గర ఫోకస్ కుదరదు.

ఆరో తప్పు: వెలుతురును ఊహించడం

ఈ కెమెరాలో బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరూ లేదు. అయినా ఒక పాత సూత్రం ఉంది. మంచి ఎండలో ఎపర్చరు ఎఫ్/16 పెట్టండి. షట్టరు వేగం ఫిల్ము ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉండాలి. 100 ఫిల్ముకు 1/125, 400 ఫిల్ముకు 1/500. పలుచటి మబ్బు ఉంటే ఎఫ్/11, చెట్టు నీడలో ఎఫ్/4. మేము మొదట్లో ఎండలో పెట్టిన అంకెలతోనే నీడలోనూ, నీడలో పెట్టినవాటితోనే ఎండలోనూ తీసేవాళ్లం. రెండు ఫోటోలు అలా పాడయ్యాయి. ఇంకో మాట: చేతితో పట్టుకుని తీసేటప్పుడు 1/60 కంటే నెమ్మది వేగం పెడితే చెయ్యి వణుకు ఫోటోలోకి వస్తుంది.

చివరి తప్పు: తొందరపడి తెరవడం

ఇది మేము చేయలేదు. తాతయ్య చేశారట. నాన్నగారి చిన్నప్పటి పుట్టినరోజు రోలు అలాగే పోయిందని నానమ్మ ఇప్పటికీ అంటుంది. 36 ఫోటోలూ అయ్యాక ఫిల్మును వెనక్కి డబ్బాలోకి చుట్టాలి. షట్టరు బటను చుట్టూ ఉన్న కాలరును నొక్కి తిప్పితే పళ్లచక్రం వదులవుతుంది. అప్పుడు ఎడమ గుండీతో చుట్టాలి. మొదట బిగువుగా ఉంటుంది, కొస స్పూలు నుంచి ఊడగానే ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ తేలికదనం చేతికి తెలిశాకే మూత తీయండి.

రెండో రోలులో 36కి 22 బాగా వచ్చాయి. పోయిన 14లో ఒక్కొక్కటీ ఎందుకు పోయిందో నోటుబుక్కులో రాసుకున్నాం. మీరూ అలా రాసుకోండి. ఏ నంబరు ఫోటో, ఎంత వేగం, ఎంత ఎపర్చరు, ఎంత దూరం. ఫోను అయితే తప్పును వెంటనే చూపిస్తుంది. ఈ కెమెరా వారం తర్వాత చూపిస్తుంది. అప్పటికి మనం ఏం చేశామో మనకే గుర్తుండదు.

జోధ్‌పూర్ మిత్రులకు జరిగినదంతా ఉత్తరాలు రాశాం. మాట తప్పినందుకు క్షమించమన్నాం. మా కొత్త ఇంటి ముందు తీసుకున్న ఫోటో ఒకటి ప్రతి కవరులోనూ పెట్టాం. పదకొండులో తొమ్మిదింటికి జవాబులు వచ్చాయి. రెండు కవర్లు మాత్రం తిరిగి వచ్చాయి. వాటి మీద “చిరునామాదారు వెళ్లిపోయారు” అని హిందీలో రాసి ఉంది. వాళ్ల నాన్నగార్లకూ బదిలీ అయిందన్నమాట.

ఆ ఇద్దరిలో ఒకరు మా పక్క క్వార్టరులో ఉండే శ్రీకాకుళం అమ్మాయి. ఈ పత్రిక ఇప్పుడు నువ్వున్న ఊరికి కూడా వస్తుందనుకుంటున్నాం. మా తరగతి, పేరు చూసి గుర్తుపడితే నీ కొత్త చిరునామా పంపు. నీ కవరు మా దగ్గర భద్రంగా ఉంది. మేము ఎప్పుడైనా మీ ఊరి మీదుగా రైల్లో వెళ్తే ప్లాట్‌ఫారం మీదికి రా, ఫోటో తీస్తాం. ఎడమ గుండీ తిరుగుతోందో లేదో ఈసారి ఇద్దరం చూస్తాం.