చెఱువు నీటి వార్త రైతు చేతికి చేరు విధము



గుడివాడ నుండి మండవల్లి, కైకలూరు వైపు పోవునపుడు దారి కిరువైపుల చేపల చెఱువులే కానవచ్చును. వాటిని సాగు చేయువారికి తెల్లవాఱుజాము గండమని వేఱుగ చెప్పనక్కఱలేదు. రాత్రి బాగుగనున్న చెఱువునందే వేకువను శీలావతులు, బొచ్చెలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. ఆలస్యమైనచో ప్రొద్దెక్కునప్పటికి తేలిపోవును. నెలల తరబడి పెట్టిన మేత, కౌలు, తెచ్చిన అప్పు ఒక్క రాత్రిలో నీటిపాలగును.

దీనికి కారణము ప్రాణవాయువు తగ్గుట. పగలు నీటియందలి పచ్చని నాచు ఎండ సాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రియందు ఆ నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు దానిని వాడుకొనును గాని, గాలినుండి తిరిగి చేరునది స్వల్పము. కావున సూర్యోదయమునకు ముందు నీటియందు ప్రాణవాయువు మిక్కిలి తక్కువగ నుండును. మబ్బు పట్టిన దినముల తరువాత మఱింత తగ్గును. వేడినీరు దానిని ఎక్కువగ నిలుపుకొనలేదు. 20 డిగ్రీల మంచినీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు కరగును. 30 డిగ్రీలయందు ఏడున్నరయే. లీటరునకు 5 మిల్లీగ్రాములున్న చేపకు క్షేమము. 3కు దిగిన బాధ. 1కి చేరిన ప్రాణాపాయము.

చేప పైకి వచ్చినపుడు మేల్కొనుటకంటె, అంకె దిగుచున్నపుడే మేల్కొనుట మేలు గదా! ఇందుకు నాలుగు భాగములు గల సాధనము వలయును.

మొదటిది సెన్సారు. ఇది కొలగాని వంటిది. నీటిలో మునిగియుండు దీని మొనకు ఒక రంగుపూత యుండును. దానిపై నీలికాంతి పడినపుడు ఎఱ్ఱగ మెఱయును. ప్రాణవాయువు అధికమైన కొలది ఆ మెఱపు తగ్గును. ఆ భేదమే కొలత.

రెండవది మైక్రోకంట్రోలరు. ఇది కరణము వంటిది. 2016లో చీనాదేశపు ఎస్‌ప్రెస్సిఫ్ సంస్థ విడుదల చేసిన ఈఎస్‌పీ32 అను చిప్పు ఇట్టివానిలో ఒకటి. పది నిమిషముల కొకసారి మేల్కొని, సెన్సారు చెప్పినదానిని అంకెగ మార్చి, కాలమును చేర్చి పంపి, మరల నిద్రించును. నిద్రలో విద్యుత్తు అత్యల్పముగ ఖర్చగును గనుక చిన్న సౌరఫలకము, బ్యాటరీ చాలును.

మూడవది రేడియో. ఇది టపాబంట్రోతు. వైఫై కొన్ని పదుల మీటర్లే పోవును గనుక గట్టు ప్రక్క ఇల్లున్నగాని పనికిరాదు. సెల్‌ సిగ్నలున్నచోట సిమ్‌కార్డు చాలును. లేనిచోట లోరా యను పద్ధతి కలదు. మన దేశమున 865 మొదలు 868 మెగాహెర్ట్జ్‌ వఱకు గల తరంగములను నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకయే వాడవచ్చును. పెదపారుపూడి వంటి కొండలు లేని డెల్టా నేలలో అది రెండు మూడు కిలోమీటర్లు పోగలదు.

నాలుగవది వార్తను స్వీకరించి ఫోనునకు అందించు సర్వరు. వార్త నందించుటకు వాడు ఎమ్‌క్యూటీటీ యను పద్ధతి 1999లో ఎడారి చమురు గొట్టములను ఉపగ్రహముద్వారా కనిపెట్టుటకై పుట్టినది. అందు యంత్రము ముందుగనే వీలునామా వంటి దొకటి ఇచ్చియుంచును. సంబంధము హఠాత్తుగ తెగినచో సర్వరు ఆ మాటను చాటును.

ఇది దూరదేశపు వింత గాదు. 2012లో విజయవాడయందు స్థాపింపబడిన ఎరువాక సంస్థ సౌరశక్తితో నడచు తేలుడు యంత్రములను చెఱువులలో నుంచి, ప్రాణవాయువు, ఉష్ణము మున్నగువాటిని రైతుల ఫోనులకు పంపినది.

ఇక నా తప్పొకటి చెప్పవలెను. ఒక మిత్రుని చెఱువులో నేను కూర్చిన పెట్టె నాలుగు దినములు రేయింబవళ్లు 6 అనియే చూపెను. ఆయన నిశ్చింతగ నిద్రించెను. అయిదవ వేకువను కాపలావాడు కేకలు వేసెను. ఏరియేటర్లు త్రిప్పుటచే చాలవఱకు దక్కినను, కొన్ని బుట్టల చేప పోయెను. చూడగా సెన్సారు తీగ అతుకునకు తుప్పు పట్టినది. క్రొత్త అంకె రానపుడు పాతదానినే పంపునట్లు ప్రోగ్రాము వ్రాసినవాడను నేనే. ఆ నష్టమువలన నేర్చినవి:

1. ప్రతి అంకెతో కొలిచిన కాలము నుండవలెను. పగటికిని రాత్రికిని మాఱని అంకెను నమ్మరాదు.

2. వార్త రాకుండుటయు అపాయసూచనయే. అప్పుడును ఫోను మ్రోగవలెను.

3. వారమున కొకసారియైనను సెన్సారు మొనకు పట్టిన పాచిని మెత్తని గుడ్డతో తుడిచి, చేతిమీటరుతో సరిచూడవలెను.

4. అతుకులను నీటికి పైగ, మూసిన పెట్టెలో నుంచవలెను.

5. ఫోను మ్రోగిన తరువాత త్రిప్పుటకు ఏరియేటరు, కరెంటు పోయినచో జనరేటరు సిద్ధముగ లేనిచో ఈ వార్త వ్యర్థము.

ఒక్కొక్క రైతు అన్నియు కొనుట భారము. గ్రామమునకు ఒక లోరా గ్రాహకమును, ఒక చేతిమీటరును సంఘము తరఫున నుంచుకొని, సెన్సారు పెట్టెను మాత్రము ఎవరిది వారు కొనిన ఖర్చు తగ్గును. కావున చెఱువులు గల సభ్యులు తమ చెఱువు విస్తీర్ణము, లోతు, గట్టుపై సెల్‌ సిగ్నలు అందునదియు లేనిదియు వ్రాసి రాబోవు సమావేశమునకు తెచ్చిన, మొదట ఎవరి గట్టుపై ప్రారంభింపవలెనో కలిసి నిర్ణయించుకొనవచ్చును.