కంబర్లాండ్ దీవిలో గుడారం

అమెరికాలో జార్జియా రాష్ట్రపు అట్లాంటిక్ తీరాన, ఫ్లోరిడా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఇసుక దీవి కంబర్లాండ్. పొడవు సుమారు 28 కిలోమీటర్లు. అక్కడికి వంతెన లేదు, వెళ్లాక కొనుక్కోవడానికి దుకాణమూ లేదు. సెయింట్ మేరీస్ ఊరి రేవు నుంచి పడవలో ముప్పావు గంట ప్రయాణం. వీపున మోయగలిగినంత సామానుతో వెళ్లి, గుడారం వేసుకుని, వచ్చేటప్పుడు చెత్తను కూడా మూటగట్టి తెచ్చుకునే రకం క్యాంపింగ్‌కు ఈ దీవి పేరుపొందింది. 1972లో ప్రభుత్వం దీన్ని జాతీయ సముద్రతీరంగా రక్షణలోకి తీసుకుంది.

నచ్చిన చోట గుడారం వేస్తామంటే కుదరదు. కేటాయించిన చోట్లలో ఒకటి ముందుగానే బుక్ చేసుకోవాలి. దీవిలో పడవ ఆగే రేవుకు దగ్గర్లో ఉన్నది సీ క్యాంప్. అక్కడ తాగునీరు, చన్నీళ్ల స్నానానికి షవర్లు, మరుగుదొడ్లు ఉంటాయి. అయిదున్నర కిలోమీటర్లు నడిస్తే స్టాఫర్డ్ బీచ్. దాన్ని దాటితే హికరీ హిల్, యాంకీ ప్యారడైజ్, చివరగా దాదాపు 17 కిలోమీటర్ల దూరాన బ్రిక్‌హిల్ బ్లఫ్. లోపలి ఈ మూడు చోట్లా నెగడు వేయకూడదు, వంటకు చిన్న స్టవ్ పట్టుకెళ్లాల్సిందే. సముద్రం ఒడ్డున గుడారం అనగానే అలల పక్కనే పడుకోవచ్చని ఆశపడతారుగానీ, విడిది ఎప్పుడూ ఇసుక దిబ్బలకు ఇవతల, ఓక్ చెట్ల కిందే. దిబ్బలను కరిగిపోకుండా పట్టి ఉంచేది వాటి మీద మొలిచిన గడ్డి వేళ్లు. మనుషుల తొక్కుడుకు ఆ గడ్డి తట్టుకోలేదు.

అసలు కష్టం నీళ్లతో. సీ క్యాంప్ దాటాక దొరికే బావినీటిని మరిగించో, వడకట్టి శుద్ధి చేసో తాగాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఎండలో నడిచే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు పడతాయి. అందుకే అనుభవజ్ఞులు బట్టలు తగ్గించుకుంటారు తప్ప నీటి సీసాలు కాదు. తీరం వెంబడి నడిచేవారు ఆటు వేళ చూసుకుని బయల్దేరితే మేలు. పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది, అల వెనక్కి తగ్గిన చోట తడి ఇసుక గట్టిగా ఉండి నడక సాగుతుంది.

జంతువుల్లో భయపడాల్సింది పెద్దవాటికి కాదు. రాత్రిపూట తిండి వాసన పట్టి వచ్చే రకూన్లు బ్యాగు జిప్పును కూడా తీయగలవు. తిండిని గట్టి డబ్బాలో పెట్టాలి, లేదంటే ఎత్తున వేలాడదీయాలి. గడ్డిలో పిడుదులు, సాయంత్రం వేళ కంటికి ఆనని కుట్టుడు పురుగులు విసిగిస్తాయి. వేసవి రాత్రుల్లో లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఇవి ఆంధ్ర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లేలకు దగ్గరి చుట్టాలు. టార్చి వెలుగు పడితే బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతాయి.

మనిషి అడుగు పడని చోటులా కనిపిస్తుందిగానీ, ఈ దీవి అలాంటిది కాదు. 19వ శతాబ్దంలో ఇక్కడ పత్తి తోటలుండేవి, వాటిలో పనిచేసింది బానిసలు. స్టాఫర్డ్ అన్న పేరు ఒక తోట యజమానిదే. తర్వాత ఉక్కు వ్యాపారంలో గడించిన కార్నెగీ కుటుంబం డంజెనెస్ అనే భవనం కట్టింది. అది 1959లో కాలిపోయింది, మొండిగోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. వాటి చుట్టూ మేసే గుర్రాలు కూడా ఒకప్పటి పెంపుడు గుర్రాల సంతతే. అడవి మళ్లీ అల్లుకున్నాక, 1982లో ఉత్తర భాగంలో చాలా మేర చట్టప్రకారం వన్యప్రాంతమైంది.

వెళ్లడానికి వసంతారంభం, శీతాకాలం అనువైనవి. మొదటిసారి వెళ్లేవారు స్టాఫర్డ్ బీచ్ దాటకపోవడం మంచిది, పిల్లలుంటే సీ క్యాంపే చాలు. చలికాలంలో పడవ వారమంతా నడవదు కాబట్టి తిరుగు ప్రయాణం రోజు ముందే సరిచూసుకోవాలి. చివరి పడవ తప్పితే సొంత ఖర్చుతో వేరే పడవ మాట్లాడుకోవాల్సిందే.