యంత్రమునకు అక్షరములు చెప్పుట ఎట్లు?

నోటితో పలికిన మాటను వ్రాతగా మార్చు సాధనము నేడు చేతిఫోనులలోనే లభించుచున్నది. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తెలుగు, కన్నడములతో సహా 8 భారతీయ భాషలకు ఈ వసతిని కల్పించినది. "రేపు బడికి సెలవు" అని పలికినచో ఆ వాక్యము చాలవరకు తప్పులేకుండ తెరపై కనబడును. కాని ఒక పేరులోని ఇంగ్లీషు అక్షరములను విడివిడిగా పలికినప్పుడు ఆ యంత్రమే తడబడును. ఇట్లేల జరుగునో విచారింతము.

యంత్రము మనవలె అర్థము చేసికొనదు. తాను వినిన ధ్వనిని పూర్వము నేర్చిన ధ్వనులతో పోల్చి, ముందువెనుకల మాటలనుబట్టి ఊహించును. "బడికి" అను మాట సగమే వినబడినను, ప్రక్కనున్న "సెలవు" దానికి సాయపడును. ఒంటి అక్షరమునకు అట్టి తోడు లేదు. అదియుగాక బి, సి, డి, జి, పి, టి, వి అను పేర్లన్నియు ఒకే అచ్చుతో ముగియును. వాని భేదమంతయు మొదట క్షణకాలము వినబడు హల్లులోనే యున్నది. ఫ్యాను చప్పుడో, సంత సందడియో ఆ క్షణమును మ్రింగినచో బి యేదో, డి యేదో తెలియదు. ఎమ్, ఎన్ లును అట్టివే.

ఈ చిక్కు మనుష్యులకును క్రొత్త కాదు. విమాన చోదకుల నిమిత్తము అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1956 మార్చి 1 నుండి ఒక పద్ధతిని అమలుపరచినది. అందు ప్రతి అక్షరమునకు బదులు ఒక మాట పలుకుదురు. ఆ రీతిని మన ఇడపనూరు పేరును ఇండియా, డెల్టా, ఆల్ఫా, పాపా, ఆల్ఫా, నవంబర్, యూనిఫార్మ్, రోమియో అని చెప్పవలెను. ఐ అక్షరమునకు మన దేశము పేరే నిలిచినది! మనము ఱ అక్షరమును "బండి ఱ" యని వేరుగా పిలుచుటయు ఇట్టి ఉపాయమే.

డ్రాగన్ వంటి కొన్ని సాఫ్ట్‌వేరులలో అక్షరములు చెప్పుటకు ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. అది లేనిచోట "డెల్టా" అనినచో డెల్టా అను మాటయే వ్రాయబడును. అప్పుడు వాక్యమును నోటితో చెప్పి, ఆ నాలుగు అక్షరములను వ్రేలితో కొట్టుట ఉత్తమము.

ఇది చిన్న విషయము కాదు. బ్యాంకు శాఖను తెలుపు ఐ.ఎఫ్.ఎస్.సి. సంకేతములో 11 గుర్తులుండును. అందు ఐదవది సున్న. దానిని వాడుకగా "ఓ" అని పలికినచో యంత్రము ఓ అక్షరమునే వ్రాయవచ్చును, సంకేతము చెల్లదు. దరఖాస్తులో తండ్రిపేరున ఒక్క అక్షరము మారినను, పిదప సరిచేయించుటకు కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. కావున వ్రాయబడినదానిని ఒక్కొక్క అక్షరముగా సరిచూచిన పిదపనే పంపవలెను.

ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, దరఖాస్తులో ఇంగ్లీషు వాడు మనకు మరియొక సంగతి ముఖ్యము. ఫోనును ఏ భాషకు అమర్చుదుమో ఆ భాష మాటలనే అది ముందుగా వెదకును. కావున పలుకుటకు ముందే భాషను ఎన్నుకొనవలెను. యంత్రము వినలేకపోయినంత మాత్రమున మన ఉచ్చారణ హీనమని ఏ విద్యార్థియు సిగ్గుపడరాదు. అక్షరముల పేర్లలోని పోలికయే అందుకు ముఖ్య కారణము.