వార్తల్లో పదం: ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్

ఉత్తర అమెరికా ఖండమున ఐస్ హాకీకి తలమానికమైన నేషనల్ హాకీ లీగునందలి 32 జట్లును, సెప్టెంబరు 15 నాటికి 18 ఏండ్లు నిండు యువక్రీడాకారులను ఏటేట ఏడు దఫాలుగా, వంతులవారీగా ఎంచుకొను పద్ధతికే డ్రాఫ్టని పేరు. ఇందు అత్యంత దుష్కరమైనది రక్షణశ్రేణి యువకుని యోగ్యతను నిర్ణయించుట. ఏలయన గోలులు చేయువాని ప్రతిభ అంకెలలో కానవచ్చును గాని, మైదానపు మూలకు జారిన రబ్బరు బిళ్ళయగు పక్‌ను అందుకొనబోవుచు, వెనుక తరుముకొనివచ్చు ప్రత్యర్థిని భుజముమీదుగా ఒక్కమారు పరికించి, తాకిడికి ముందే దానిని సహచరునకందించు వాని వివేకము ఏ పట్టికకును ఎక్కదు. అందుచేతనే పరిశీలకులు వాని స్కేటింగును, ముఖ్యముగా ప్రత్యర్థికి అభిముఖుడై వెనుకకు జారుచునే దిశ మార్చగల నేర్పును, పదేపదే చూతురు. అయినను అంచనాలు తప్పుచుండును: 1989లో 53వ స్థానమున ఎంపికైన స్వీడన్ దేశీయుడు నిక్లస్ లిడ్‌స్ట్రోమ్, ఉత్తమ రక్షకునకిచ్చు నోరిస్ ట్రోఫీని ఏడుమారులు గెలుచుకొనెను. అనారోగ్యముచేతను గాయముచేతను ఎంపికకు ముందటి సీజనున ఈరీ ఆటర్స్ అను జూనియర్ జట్టు పక్షమున 17 ఆటలు మాత్రమే ఆడగల్గిన రక్షకుడు మాథ్యూ షేఫర్‌ను 2025లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు ప్రథమస్థానముననే ఎంచుకొన్నది. ఆటల సంఖ్యకన్న ఆటతీరునకు విలువకట్టిన ఆ నిర్ణయము మిక్కిలి ప్రశంసార్హము.